బాగానే ఉన్నాను కదా, బీపీ మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె వయసు 31. తొలి కాన్పు, ఇప్పుడు 30వ వారం నడుస్తోంది. మూడో నెలలో 118/76 ఉన్న బీపీ 28వ వారానికి 138/88 అయింది. కిందటి వారం 148/96 వచ్చింది. నాలుగు గంటలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 146/94. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.42. ప్లేట్‌లెట్లు 1.92 లక్షలు. లివర్, కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. అదే రోజు చేసిన స్కాన్‌లో బిడ్డ బరువు సుమారు 1,230 గ్రాములు, అంటే ఆరో పర్సంటైల్. బొడ్డుతాడు డాప్లర్‌లో రక్త ప్రవాహానికి నిరోధం పెరిగిందని, అయినా ప్రవాహం ఎక్కడా ఆగడం లేదని రాశారు. మాయ గ్రేడ్ 2 అని, గర్భాశయ ముఖద్వారానికి 4 సెంటీమీటర్ల పైన ఉందని కూడా ఉంది. లేబెటలాల్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడమన్నారు.

‘‘ఐదు రోజుల నుంచి వేసుకోవడం లేదు. నాకు తలనొప్పి లేదు, కాళ్ల వాపు కూడా పెద్దగా లేదు. ఇంట్లో ఎడమవైపు తిరిగి పడుకుని చూసుకుంటే బీపీ 126/80 వస్తోంది. ఆ మాత్రల వల్లే బిడ్డ ఎదగడం లేదని మా అత్తగారు గట్టిగా అంటున్నారు. ఉప్పు పూర్తిగా మాన్పించారు, మంచం దిగనివ్వడం లేదు. మా డాక్టర్ 37 వారాల దాకా చూద్దామన్నారు. రెండో అభిప్రాయానికి వెళ్తే ఆవిడ 34 వారాలకే కాన్పు చేయాల్సి రావచ్చు అన్నారు. ఎవరి మాట నమ్మాలి? అయిదో నెలలో మాయ కిందకి ఉందన్నారు, దానివల్లే ఇదంతా వచ్చిందా? ఏడో నెల దాకా ఉద్యోగానికి వెళ్లడం నా తప్పా? ఆస్ప్రిన్ ఇప్పుడైనా మొదలుపెట్టాలా?’’ అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం: కారణాలు తర్వాత చెబుతాను, ముందు ఈ పూట చేయాల్సిన పని. కుర్చీలో కూర్చుని బీపీ చూసుకోండి. పై అంకె 160కి చేరినా, కింది అంకె 110కి చేరినా, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. రెండోసారి కూడా అలాగే ఉంటే ఇది చదవడం ఆపి ఆస్పత్రికి బయల్దేరండి. ఆ స్థాయిలో మందు గంటలోపు పడాలి. అంతకన్నా తక్కువ ఉంటే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, మాత్ర మానేసిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇది దాచితే వచ్చే చిక్కు ఏమిటంటే, తర్వాతిసారి బీపీ ఎక్కువ కనిపించినప్పుడు ‘ఈ మందు పనిచేయడం లేదు’ అనుకుని మోతాదు రెట్టింపు చేస్తారు, లేదా రెండో మందు కలుపుతారు. మీరు ఆ రోజు నుంచి అవన్నీ ఒకేసారి వేసుకుంటే బీపీ ఉన్నపళంగా పడిపోవచ్చు. మళ్లీ మొదలుపెట్టమన్నాక కూడా, తప్పిన మోతాదులకు బదులుగా రెండేసి మాత్రలు వేసుకోవద్దు.

మీరు రాసిన అంకెలతో రోగ నిర్ధారణలో సందేహం మిగలలేదు. 20 వారాలు దాటాక కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 లేదా అంతకన్నా ఎక్కువ బీపీ, దానికి తోడు ప్రొటీన్ నిష్పత్తి 0.3 లేదా ఆపైన ఉంటే అది ప్రీ ఎక్లాంప్సియా. పూర్వం గుర్రపువాతం అని భయపడేది ఇది ముదిరి ఫిట్స్ వచ్చిన దశను చూసి. మీరు ఆ దశలో లేరు. ప్లేట్‌లెట్లు లక్షకు పైన ఉన్నాయి, లివర్ ఎంజైములు పెరగలేదు, క్రియాటినిన్ పెరగలేదు, బీపీ 160/110కి రాలేదు. కాబట్టి తీవ్ర లక్షణాలు లేని ప్రీ ఎక్లాంప్సియా, దానితో పాటు బిడ్డ ఎదుగుదల కొంత తగ్గడం. ఇదీ మీ పరిస్థితి.

‘నాకేమీ అనిపించడం లేదు’ అన్న మాట మీద మీరు చాలా ఆధారపడ్డారు. అక్కడే నాకు అభ్యంతరం. బీపీ 150 ఉన్న గర్భిణికి సాధారణంగా ఏ బాధా తెలియదు. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క కింద నొప్పి మొదలయ్యేసరికి మెదడులోనో లివర్‌లోనో సన్నటి రక్తనాళాలు అప్పటికే దెబ్బతినడం మొదలై ఉంటుంది. కొందరికి ఆ హెచ్చరిక కూడా లేకుండా నేరుగా ఫిట్స్ వస్తాయి. ఇక కాళ్ల వాపు ఉందా లేదా అన్నదానికి ఈ జబ్బులో పెద్దగా విలువ లేదు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకూ వాపు వస్తుంది, ప్రీ ఎక్లాంప్సియా ఉన్నా కొందరికి రాదు. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బినా, వారంలో కిలోకి మించి బరువు పెరిగినా మాత్రం పట్టించుకోవాలి.

ఇప్పుడు మీ ఇంట్లో వచ్చిన 126/80 సంగతి. ఎడమవైపు తిరిగి పడుకుంటే కుడి చెయ్యి పైకి వస్తుంది. పట్టీ దానికి కడితే అది గుండె మట్టం కన్నా ఎత్తులో ఉంటుంది. గుండె కన్నా ఎత్తున్న ప్రతి సెంటీమీటరుకు బీపీ ముప్పావు పాయింటు దాకా తక్కువ చూపిస్తుంది. పదిహేను సెంటీమీటర్ల ఎత్తుకు పదకొండు పాయింట్లు అక్కడే పోయాయి. మీకు తగ్గింది అంకె మాత్రమే, బీపీ కాదు. పైగా ప్రీ ఎక్లాంప్సియాలో కొన్ని ఆటోమేటిక్ మెషీన్లు అసలు కన్నా తక్కువే చూపిస్తాయి. అందుకే గర్భిణుల మీద పరీక్షించి సరిచూసిన మోడల్ అవునో కాదో చూసుకోవాలి. మణికట్టుకు కట్టేవి వద్దు. మీ మెషీన్‌ను ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లి, అక్కడి పరికరంతో పక్కపక్కనే పెట్టి చూడమనండి. తేడా ఐదు పాయింట్లు మించితే దాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు.

సరిగ్గా చూసుకునే పద్ధతి ఇదీ. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనేలా కుర్చీలో కూర్చోండి. పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. చేతిని బల్ల మీద పెట్టి, పట్టీ ఛాతీ మధ్య ఎత్తులో ఉండేలా చూసుకోండి. దండచేయి చుట్టుకొలత 33 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ తెప్పించుకోవాలి. చిన్న పట్టీ బీపీని లేనంత ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. మీ మాత్ర ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటుంది కాబట్టి, వేసుకున్న గంటకు చూసుకుంటే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. తర్వాతి మాత్ర వేసుకోబోయే ముందు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఉదయం, రాత్రి, రెండు పూటలా మాత్రకు ముందు అంకెలు రాసిపెట్టుకుంటే మోతాదు సరిపోతోందో లేదో మీ డాక్టర్‌కు చూడగానే అర్థమవుతుంది.

బిడ్డ ఎదగకపోవడానికి మాత్రే కారణమా? మీ ఉత్తరంలోనే జవాబుంది. బరువు తక్కువని చెప్పిన స్కాన్, మాత్ర రాసిన రోజే తీశారు. మొదటి మాత్ర వేసుకోక ముందే బిడ్డ ఆరో పర్సంటైల్‌లో ఉంది. వందమంది బిడ్డల్ని అదే వారంలో బరువు వరుసలో పెడితే కింద నుంచి ఆరో స్థానం అన్నమాట. ఇది కొన్ని వారాలుగా జరుగుతూ వచ్చిన విషయం. ఈ లెక్కను మీ అత్తగారి ముందు తేదీలతో సహా పెట్టండి. వాదన కన్నా తేదీలే బాగా పనిచేస్తాయి.

అసలు కారణం మాయ పాతుకునే తొలి నెలల్లో ఉంటుంది. గర్భాశయ గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులుంటాయి. మాయ నుంచి వెళ్లిన కణాలు ఆ ధమనుల గోడల్లోని కండర పొరను తొలగించి, వాటి నోళ్లను కొన్ని రెట్లు వెడల్పు చేయాలి. ఈ పని ఇంచుమించు 20 వారాలకు ముగుస్తుంది. అది అసంపూర్తిగా జరిగితే ధమనులు ఇరుకుగానే మిగిలిపోతాయి. పైపు చివర వేలితో నొక్కితే నీళ్లు చిమ్మినట్టు, రక్తం నెమ్మదిగా నిండాల్సింది పోయి వేగంగా చిమ్మి మాయ లోపలి పొరల్ని దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ సరిగా అందక మాయ తల్లి రక్తంలోకి కొన్ని ప్రొటీన్లు వదులుతుంది. అవి రక్తనాళాల లోపలి పొరకు కావలసిన పోషక ప్రొటీన్లను పట్టేసుకుంటాయి. అందువల్ల నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, కిడ్నీ వడపోత వదులై ప్రొటీన్ కారుతుంది, లివర్, మెదడు కూడా ప్రభావితమవుతాయి. జబ్బు మూలం మాయలో ఉందనడానికి గట్టి రుజువు ముత్యాల గర్భం. అందులో బిడ్డ లేకపోయినా, మాయ కణజాలం ఒక్కటే పెరిగినా ప్రీ ఎక్లాంప్సియా వస్తుంది.

మీ తప్పా అన్న ప్రశ్నకూ జవాబు ఇదే. కుర్చీలో కూర్చుని చేసిన ఉద్యోగానికీ ఆ ధమనులకూ సంబంధం లేదు. తొలి కాన్పు కావడం మాత్రం ఒక కారణం. దాని విషయంలో ఎవరూ ఏమీ చేయలేరు.

మరి మాత్ర ఏం చేస్తుంది? ఒప్పుకోవాల్సిన సంగతి, మాయను బాగుచేయదు. ప్రొటీన్ పోవడాన్ని ఆపదు. జబ్బు ముందుకు వెళ్లకుండానూ ఆపలేదు. అది చేసేదల్లా మీ బీపీ 160 దాటకుండా చూసి, మెదడులో రక్తస్రావం నుంచి మిమ్మల్ని కాపాడటం, ఆ విధంగా బిడ్డకు లోపల మరికొన్ని వారాలు సంపాదించి పెట్టడం. 2015లో వెలువడిన చిప్స్ అధ్యయనంలో బీపీని కచ్చితంగా అదుపులో ఉంచిన వారిలో నూటికి 27 మందికి, చూసీచూడనట్టు వదిలినవారిలో 40 మందికి బీపీ తీవ్రస్థాయికి వెళ్లింది. బిడ్డల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ అధ్యయనంలో చేరేటప్పటికి ప్రొటీన్ పోతున్నవాళ్లు లేరు. కాబట్టి మీలాంటి వారికి అదుపు అవసరం ఇంకా ఎక్కువే తప్ప తక్కువ కాదు.

పెద్దవాళ్ల భయంలో ఒక నిజం లేకపోలేదు. మాయకు తన రక్త ప్రవాహాన్ని తానే సర్దుకునే శక్తి లేదు, తల్లి బీపీ హఠాత్తుగా పడిపోతే బిడ్డకు వెళ్లే రక్తమూ తగ్గుతుంది. అందుకే లక్ష్యం 120/80 కాదు, 135/85 దగ్గర. 110/70 కన్నా తగ్గితే మోతాదు తగ్గించమని అడగాలి. మందుల ఎంపికలోనూ తేడాలున్నాయి. లేబెటలాల్, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్, మిథైల్ డోపా, ఈ మూడూ గర్భిణులకు వాడేవి. మీకు ఆస్తమా ఉంటే లేబెటలాల్ సరిపడదు, ఆ సంగతి ఇప్పటిదాకా చెప్పకపోతే వెంటనే చెప్పండి. టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, అటెనలాల్ ఎదుగుదలను తగ్గిస్తుంది. కనుక ఇంట్లో ఎవరిదో బీపీ మాత్ర ఉందని అది మాత్రం మింగవద్దు.

‘మాయ కిందకి ఉంది’ అన్నదీ, ‘మాయ సరిగా పనిచేయడం లేదు’ అన్నదీ వేర్వేరు సంగతులు. అయిదో నెలలో కిందకి కనిపించిన మాయల్లో ఎక్కువ శాతం గర్భాశయం పెరిగేకొద్దీ పైకి జరిగిపోతాయి. ముఖద్వారానికి 2 సెంటీమీటర్ల లోపు ఉంటేనే చింతించాలి, మీది 4 సెంటీమీటర్లు. ఆ అధ్యాయం ముగిసింది. గ్రేడ్ 2 అన్న మాట గురించి కూడా నిద్ర పాడుచేసుకోకండి. వారాలు గడిచేకొద్దీ మాయలో సున్నం చేరడం మామూలే, చికిత్సలో నిర్ణయాలు దాన్నిబట్టి తీసుకోరు. డాప్లర్‌ను బట్టి తీసుకుంటారు.

ఇక ఇద్దరు డాక్టర్లు. నేను చూసినంతలో ఇద్దరూ ఒకటే చెప్పారు. చెరో సగం వాక్యం మీ చెవిన పడింది. ఇప్పుడున్న స్థితి ఇలాగే కొనసాగితే 37 వారాలు, తీవ్ర లక్షణాలు ఏవైనా వస్తే 34 వారాలు. అందుకే ‘కాన్పు ఏ తేదీన?’ అని అడిగితే తృప్తికరమైన జవాబు దొరకదు. ‘ఏం కనిపిస్తే తేదీ మారుస్తారు?’ అని అడగండి, అప్పుడు స్పష్టమైన జవాబు వస్తుంది. ఆ జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది. మూడు రకాల మందులు పూర్తి మోతాదులో వాడినా 160/110 కిందకి దిగకపోవడం, ప్లేట్‌లెట్లు లక్ష కిందకి పడటం, లివర్ ఎంజైములు రెట్టింపు కావడం, క్రియాటినిన్ 1.1 దాటడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, తగ్గని తలనొప్పి లేదా చూపు మసకబారడం, ఫిట్స్, మాయ విడిపోవడం. వీటిలో కొన్ని వస్తే 34 వారాల దాకా కూడా ఆగరు, ముందు తల్లి పరిస్థితిని కుదుటపరిచి ఏ వారమైనా కాన్పు చేస్తారు. ప్రొటీన్ మాత్రం ఈ జాబితాలో లేదు. అది 0.42 నుంచి 2 అయినా ఆ ఒక్క కారణంతో కాన్పు చేయరు. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాల్సిన పని లేదు.

బిడ్డ వైపు నుంచి వేరే లెక్క ఉంది. బొడ్డుతాడు ధమనిలో గుండె కొట్టుకునే మధ్య విరామంలో కూడా రక్తం ముందుకు పోతూ ఉండాలి. మీ బిడ్డలో నిరోధం పెరిగినా ఆ ప్రవాహం ఉంది. ఇలాగే ఉంటే 37 వారాల దాకా ఆగుతారు. విరామంలో ప్రవాహం ఆగిపోతే 33–34 వారాలు, వెనక్కి మళ్లితే 30–32 వారాల్లోనే కాన్పు ఆలోచిస్తారు. అందుకే డాప్లర్ వారానికొకసారి, అనుమానం పెరిగితే ఇంకా తరచుగా చేయాలి. బిడ్డ బరువును మాత్రం రెండు వారాల లోపు మళ్లీ కొలిస్తే ఉపయోగం లేదు. స్కాన్ అంచనాలో సహజంగా ఉండే పొరపాటు ఆ కొద్ది రోజుల ఎదుగుదలను మించిపోతుంది. వారానికే మళ్లీ చూసి ‘అసలు పెరగలేదు’ అని ఏడ్చినవాళ్లు చాలామంది ఉంటారు.

34, 37 వారాల మధ్య తీవ్రత లేకపోయినా కాన్పు చేయించుకోవడం ఒక దారి. 2019లో వచ్చిన ఫీనిక్స్ అధ్యయనం సరిగ్గా దీన్నే పరిశీలించింది. ముందే కాన్పు చేస్తే తల్లికి చిక్కులు తగ్గాయి, బిడ్డలు నవజాత శిశు విభాగంలో చేరడం పెరిగింది. పాలు పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కలిసి కుదిరేది సుమారు 34 వారాలకు. ఆ దరిదాపుల్లో పుట్టిన బిడ్డకు కొన్నాళ్లు గొట్టం ద్వారా పాలు పట్టాల్సి రావచ్చు. ఈ బేరీజు మీరూ, మీ భర్తా, డాక్టరూ కలిసి 34వ వారం దగ్గర వేసుకోవాల్సినది, ఇవాళ కాదు.

ఇవాళ తేల్చుకోవాల్సింది ఇంట్లో ఉండటమా, ఆస్పత్రిలో చేరడమా అన్నది. ఇంట్లో ఉండవచ్చు, అయితే షరతులున్నాయి. మాత్రలు తప్పకూడదు, రోజుకు రెండుసార్లు సరిగ్గా కూర్చుని బీపీ చూడాలి, వారానికి రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, వారానికి కనీసం ఒకసారి ప్లేట్‌లెట్లు, లివర్, క్రియాటినిన్ పరీక్షలు ఉండాలి, ఏ అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి, వాహనం సిద్ధంగా ఉండాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఇంట్లో ఉండటం ప్రమాదమే. ఆస్పత్రిలో చేరితే పర్యవేక్షణ బాగుంటుంది, కానీ వారాల తరబడి ఉండటం అలసట, ఖర్చు, నిద్రలేమి. నా ఉద్దేశం అడిగితే, ఐదు రోజులు మందు లేకుండా గడిచాయి, ఇంటి అంకెలు నమ్మదగ్గవి కావు, కాబట్టి ఒకటి రెండు రోజులు చేరి, మాత్ర మళ్లీ మొదలుపెట్టాక బీపీ ఎలా ఉంటుందో, రక్త పరీక్షలు ఎలా ఉన్నాయో చూసుకుని ఇంటికి రావడం మంచిది.

మీరు వెళ్లే ఆస్పత్రిలో 30 వారాల బిడ్డను చూడగలిగే నవజాత శిశు విభాగం, ఎప్పుడైనా రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్నాయా? లేకపోతే ఇప్పుడే మారండి. పుట్టాక పసిబిడ్డను అంబులెన్స్‌లో తరలించడం కన్నా కడుపులో ఉండగానే తల్లితో పాటు చేర్చడం ఎప్పుడూ మేలు. బిడ్డ ఊపిరితిత్తులకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా ముందుగా తెలుసుకోండి. బీటామెథాసోన్ 12 మిల్లీగ్రాములు 24 గంటల తేడాతో రెండు, లేదా డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకొకటి చొప్పున నాలుగు. ఆఖరి మోతాదు తర్వాత ఒక రోజు నుంచి వారం లోపు కాన్పయితే దాని ప్రయోజనం ఎక్కువ. ‘ఎందుకైనా మంచిది, ఇప్పుడే వేయండి’ అని మీరు తొందరపెడితే అది అసలు అవసరానికి ముందే ఖర్చయిపోవచ్చు. వారంలో కాన్పు కావచ్చని డాక్టర్‌కు అనిపించినప్పుడు వేయాలి.

మంచం మీద పడుకోబెట్టడం, ఉప్పు మాన్పించడం, ఈ రెండూ ప్రేమతో చేస్తున్న పనులే గానీ ఉపయోగం లేదు. పూర్తి విశ్రాంతితో ఈ జబ్బు తగ్గినట్టు ఆధారం లేదు. పైగా ప్రీ ఎక్లాంప్సియాలో రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువ, కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉంది. ఇంట్లో మామూలుగా తిరగండి, అలసిపోతే పడుకోండి, పక్కకు తిరిగి పడుకోవడం మంచిదే. ఉప్పు మామూలుగా తినండి. నీళ్లు తగ్గించవద్దు.

ఈ కింది లక్షణాలను మీకన్నా మీ ఇంట్లోవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడి డొక్క కిందో పొట్ట పైభాగంలోనో నొప్పి, వాంతులు, పడుకుంటే ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం. పొట్ట పైభాగపు నొప్పిని గ్యాస్ అనుకుని మందు మింగి పడుకోవడం ఈ జబ్బులో తరచూ జరిగే పొరపాటు. అది ఎర్ర రక్తకణాలు చితికిపోయి, లివర్ దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోయే హెల్ప్ సిండ్రోమ్ కావచ్చు. అందులో బీపీ ఒక్కోసారి అంత ఎక్కువగా కూడా ఉండదు. కదలికల విషయానికి వస్తే, బిడ్డ చురుగ్గా ఉండే వేళ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లండి.

మాయ విడిపోవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి బీపీ ఉన్నవారిలో ఆ ప్రమాదం ఎక్కువ. ఇరుకైన ధమని ఒకటి చిట్లితే మాయ వెనక రక్తం చేరి, గోడ నుంచి దాన్ని వేరు చేస్తుంది. కడుపు గట్టిపడి, మధ్యలో మెత్తబడకుండా అలాగే ఉండి, నొప్పి ఆగకుండా వస్తుంది. రక్తం బయటికి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. లోపలే నిలిచిపోతే ‘కొంచెమే కదా పోయింది’ అని మోసపోతారు. మాయ కిందకి ఉండి రక్తం పోతే సాధారణంగా నొప్పి ఉండదు. మీ మాయ పైనే ఉంది కాబట్టి మీకు రక్తం కనిపించినా, కడుపు అలా బిగుసుకున్నా ముందు విడిపోవడాన్నే అనుమానించాలి. స్కాన్‌లో ఏమీ కనిపించలేదన్నంత మాత్రాన అది లేదని కాదు.

ఫిట్స్ వస్తే ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎడమవైపుకి తిప్పాలి, దెబ్బ తగలకుండా చూడాలి, నోట్లో చెంచాగానీ వేలుగానీ నీళ్లుగానీ పెట్టకూడదు. ఆస్పత్రిలో ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేట్. ఫిట్స్ వచ్చాకే కాదు, తీవ్ర లక్షణాలు కనిపించినప్పుడు రాకుండా కూడా ఇస్తారు. సుమారు పదివేల మంది గర్భిణులపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై అధ్యయనంలో అది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. మొదట 4 గ్రాములు సిరలోకి నెమ్మదిగా, ఆపై గంటకు 1 గ్రాము చొప్పున ఎక్కించడం ఒక పద్ధతి. ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది, భయపడకండి. నర్సు మాటిమాటికీ మోకాలి మీద తట్టడం, శ్వాస, మూత్రం లెక్కపెట్టడం మందు ఎక్కువ కాకుండా చూసుకోవడానికే. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంటుంది.

కాన్పు అంటే సిజేరియనే అని అనుకోనక్కర్లేదు. ప్రీ ఎక్లాంప్సియా ఒక్కటే దానికి కారణం కాదు, నొప్పులు రప్పించి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. డాప్లర్‌లో రక్తం వెనక్కి మళ్లిన బిడ్డ నొప్పుల ఒత్తిడిని తట్టుకోలేదు గనుక అప్పుడు సిజేరియన్ వైపు మొగ్గుతారు. మీ కాగితాల మీద పెద్ద అక్షరాలతో ‘బీపీ ఉంది, మిథర్జిన్ వద్దు’ అని రాయించండి. కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆ ఇంజెక్షన్ బీపీని ఎగదోస్తుంది. ఆక్సిటోసిన్‌తో ఆ ఇబ్బంది లేదు.

బిడ్డ పుట్టగానే గండం గడిచిందని మాత్రలు ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. నిజానికి ఒంట్లో చేరిన నీరు రక్తంలోకి తిరిగొచ్చే మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పైకి వెళ్తుంది. సరిగ్గా అప్పటికే మిమ్మల్ని ఇంటికి పంపేసి ఉంటారు. ఫిట్స్ ఆరు వారాల దాకా రావచ్చు. ఇంటికి వెళ్లేటప్పుడు మూడు రోజుల్లోపు ఒకసారి, మళ్లీ వారం పది రోజులకు ఒకసారి బీపీ చూపించుకునే తేదీలు రాయించుకోండి. లేబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ బిడ్డకు పాలిస్తూ వాడవచ్చు. గర్భంలో వద్దన్న ఎనలాప్రిల్ ఇప్పుడు రాశారేమిటని కంగారు పడవద్దు. మిథైల్ డోపా వాడుతుంటే మాత్రం మార్చమనండి, అది దిగులును పెంచుతుంది. పన్నెండు వారాల తర్వాత కూడా బీపీ తగ్గకపోతే అది ఈ గర్భంతో వచ్చినది కాదని, లేదా శాశ్వతంగా మిగిలిందని అర్థం, అప్పుడు ఫిజీషియన్‌ను కలవాలి. తగ్గిపోయినా ఏటా బీపీ చూపించుకోండి, ఎందుకంటే ఈ జబ్బు వచ్చినవారికి తర్వాతి కాలంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఇతరులతో పోలిస్తే సుమారు రెట్టింపు.

ఆస్ప్రిన్ సంగతి చివరికి మిగిలింది. ఇప్పుడు మొదలుపెడితే ప్రయోజనం లేదు. ధమనులు వెడల్పయ్యే దశ దాటిపోయింది. మరో బిడ్డను కనాలనుకుంటే మాత్రం మర్చిపోకూడని మందు అది. 12 వారాలకు, ఎలాగైనా 16 వారాల లోపే మొదలుపెట్టి, రాత్రిపూట 75 నుంచి 150 మిల్లీగ్రాములు, 36 వారాల దాకా. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో ముప్పు ఎక్కువ ఉన్నవారికి 150 మిల్లీగ్రాములు ఇస్తే 37 వారాల లోపే కాన్పుకు దారితీసే ప్రీ ఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. మీకు రెండోసారి ఇది వచ్చే అవకాశం సుమారు ఆరింట ఒకటి. ఈసారి 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వస్తే మూడింట ఒకటి. అందుకే ఈ కాన్పులో ఏ వారం, బిడ్డ ఎంత బరువు, బీపీ గరిష్ఠంగా ఎంత, ఏ మందులు వాడారన్న వివరాలతో ఒక కాగితం తీసుకుని భద్రపరచండి. వీలుంటే మాయను పాథాలజీ పరీక్షకు పంపమని కాన్పుకు ముందే అడగండి. తర్వాత అడిగితే అది అప్పటికే పారేసి ఉంటారు.